దొర తెరిచిన గేటు

లాక్లన్ మెక్రే పోయిన మర్నాడు పొద్దున్నే దొర బంగళా నుంచి పూలు వచ్చాయి. తెల్లని లిల్లీలు, కాడలకి నల్ల రిబ్బను. ఆయన కూతురు ఎఫీ వాటిని గుమ్మంలోనే అందుకుంది. తెచ్చినవాడు చూస్తుండగానే పెరట్లోకి నడిచి, రాతిగోడ మీదుగా పొట్టేలు ముందు పారేసింది. పొట్టేలు ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది.

“దానికున్న పౌరుషం మన ఇంట్లో ఒకడికి లేకపోయింది,” అంది ఎఫీ.

ఆ ఒకడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆమె తమ్ముడు ముర్డో. చేతిలో టోపీ నలుపుకుంటున్నాడు. పోయింది అతని తండ్రే, కానీ వచ్చింది మాత్రం దొర మనిషిగా.

“ఆయన మంచి మనసుతోనే పంపాడక్కా.”

“మంచి మనసే ఉంటే గేటు తాళంచెవి పంపమను. పూలెవడిక్కావాలి?”

నోరెత్తే వీలున్న బతుకు కాదు ముర్డోది. దొరా, ఆయన స్నేహితులూ వేటకి వచ్చినప్పుడు జింకల జాడ చూపించడం అతని ఉద్యోగం. ఉంటున్న ఇల్లు ఎస్టేటుది. ఉద్యోగం పోయిన రోజునే ఇల్లూ పోతుంది, భార్యాపిల్లలు రోడ్డున పడతారు. రెండేళ్ళుగా ఆ ఉద్యోగంలో ఇంకో పని కూడా చేరింది. గ్లాస్గో నుంచీ ఎడిన్‌బరో నుంచీ కొండలెక్కడానికి వచ్చేవాళ్ళని లోయ మధ్యలో ఆపి వెనక్కి పంపాలి. సొంత తండ్రిని కూడా ఒకసారి ఆపబోయాడు. ముసలాయన కొడుకుని దారికి అడ్డొచ్చిన గొర్రెని చూసినట్టు చూసి పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చచ్చేదాకా కొడుకుతో మాట్లాడలేదు.

“గురువారం మోస్తున్నాం నాన్నని,” అంది ఎఫీ. “పాడెబాట మీదే. శవపెట్టెకి తలవైపు తాడు పట్టాల్సింది పెద్దకొడుకు. వస్తావా, దొరగారిని అడిగి చెప్తావా?”

“గేటు దగ్గర కలుస్తాను,” అన్నాడు ముర్డో నేల చూస్తూ.

ఎఫీకి ఒళ్ళు మండిపోయింది. గేటు దగ్గరంటే గేటుకి ఇవతలా, అవతలా? అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని తలుపు వేసేసుకుంది.

గ్లెన్ ఆరిన్ లోయని మంచు చెక్కింది. ఎన్ని వేల ఏళ్ళ కిందటో ఇక్కడ నిండుగా పేరుకున్న మంచు, నదిలా మెల్లగా జారుతూ, రెండు వైపులా కొండల్ని గీకి, అడుగున రాయి తేలేదాకా ఊడ్చుకుపోయింది. మిగిలింది బండ, దాని మీద బురద. ఇక్కడ గొర్రె బతుకుతుంది, బంగాళాదుంప బతుకుతుంది. పోయిన మనిషిని దాచడానికి మాత్రం ఆరడుగుల మట్టి ఎక్కడా దొరకదు. అందుకే ఈ లోయవాళ్ళు తమ వాళ్ళని తరతరాలుగా భుజాల మీద మోసుకుని, లోయ చివరి కనుమ దాటించి, అవతల సముద్రపొడ్డున ఇసక నేలలో పాతిపెడుతున్నారు. ఆ దారే పాడెబాట. మోసేవాళ్ళు అలిసి పెట్టె దించిన చోటల్లా తలా ఒక రాయి వేసి, ఒక గుక్క విస్కీ తాగి లేస్తారు. అలా పెరిగిన దింపుడు రాళ్ళ గుట్టలే పొగమంచు కమ్మినప్పుడు కొండ నడకవాళ్ళకి దారి చూపిస్తాయి. కనుమకీ, దాని పైనున్న శిఖరాలకీ ఈ వైపు నుంచి ఇంకో దారి లేదు.

ఇప్పుడు తీరం చుట్టూ తారురోడ్డు ఉంది. శవాన్ని మోసే నల్లకారూ ఉంది. లాక్లన్‌కి ఆ మాట చెప్తే మంచంలోనే లేచి కూర్చున్నాడు.

“కార్లో తీసుకెళ్ళారంటే దార్లోనే తలుపు తీసుకుని దిగిపోతా. నడిచొచ్చిన దారినే పోతాను నేను.”

ఆ దారికి అడ్డంగా గేటు పెట్టినవాడు హార్ట్‌లీ దొర. ఇంగ్లండులో బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉంది ఆయనకి. లోయ మొత్తం కొనేసి, వచ్చిన ఏడాదే ‘గొంతు’ దగ్గర ఎత్తయిన ఇనపతీగ కంచె వేయించాడు. లోయ సన్నబడే చోటు అది. ఒక పక్క నల్లటి సరస్సు, ఇంకో పక్క మంచు నునుపు చేసిన నిటారు రాతి చట్టు. మధ్యలో గేటు, గేటుకి గొలుసు, గొలుసుకి తాళం, పైన బోర్డు. ‘అనుమతి లేనిదే ప్రవేశం లేదు.’ నడిచేవాళ్ళు జింకల్ని బెదరగొడుతున్నారట! జింకల్ని తుపాకితో కాల్చేవాడు చెప్పాల్సిన మాటేనా అది?

బాట అందరిదని తేల్చమని ఊరివాళ్ళూ, గ్లాస్గో నడకసంఘంవాళ్ళూ కలిసి కోర్టుకెక్కారు. విచారణ వచ్చే నెల. సంఘంలో గిల్‌ఫిలన్ అనే లాయరున్నాడు. ఎర్ర ఉన్నిటోపీ పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా ఈ కొండలెక్కుతున్నవాడు, రాత్రుళ్ళు లాక్లన్ గొర్రెల కొట్టంలో పడుకున్నవాడు. బుధవారం మధ్యాహ్నం ఎఫీ వంటింట్లో టీ తాగుతూ మళ్ళీ అదే చెప్పాడు.

“ఎఫీగారూ, మన బలమంతా ఒక్కటే. ఈ దారిన ఎవరూ ఎవర్నీ అడక్కుండా నడిచారు. అది హక్కు. దొర వైపు లాయరు ఏమంటాడంటే, ఇన్నాళ్ళూ దొరలు దయతలిచి నడవనిచ్చారు అంటాడు. దయ వేరు, హక్కు వేరు. అందుకే చెప్తున్నా, ఎవరూ అనుమతి అడగొద్దు. ఇచ్చినా తీసుకోవద్దు.”

“అడిగే మొహాలా మావి?” అంది ఎఫీ. ఆమె ఓట్‌రొట్టెలు మూట కడుతోంది. మూట పక్కనే గోడకి ఆనించి పెద్ద ఇనపకత్తెర ఉంది, గొలుసులు కోసేది. రెండు రోజులుగా దాన్ని చూసుకుని మురిసిపోతోంది.

పొయ్యి పక్కన కూర్చున్న దొలీనా పిన్ని చెయ్యి విసిరింది. ఊళ్ళో ఇప్పుడు అందరికన్నా పెద్దది ఆమే.

“కోర్టూ వద్దు, కొరివీ వద్దు. శవం దాటిన దారి ఎవడబ్బ సొత్తూ కాదు. రేపు లాక్లన్ గేటు దాటాడా, దారి మనదే. మా తాతల కాలం నుంచీ ఇదే మాట.”

“అలాంటి చట్టం ఎక్కడా లేదు పిన్నిగారూ,” అన్నాడు గిల్‌ఫిలన్ నెమ్మదిగా.

“నువ్వెప్పుడన్నా శవాన్ని మోశావా బాబూ?”

“లేదండీ.”

“మరి నీకెట్టా తెలుస్తుంది? రొట్టె తిను.”

అందరూ నవ్వారు. ఎఫీ కూడా నవ్వింది. నిజానికి కోర్టు మీద ఆమెకున్నది దింపుడు కళ్ళం ఆశే. దొలీనా మాట మాత్రం ఆమె కోపానికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. తాళం తెంపాలి, నాన్నని దాటించాలి, దాంతో దారి మనది. లోయలో పుట్టినవాళ్ళందరూ నమ్మే మాటే అది. అందరూ నమ్మే మాట అబద్ధమవుతుందని ఎవరికి మాత్రం తోస్తుంది?

గురువారం సన్నటి వాన. పెట్టె ఇంటి ముందు రెండు కుర్చీల మీద ఉంది. పాస్టరుగారు ప్రార్థన చదివాక ఎనిమిదిమంది ఎత్తుకున్నారు. తలవైపు తాడు పట్టడానికి పెద్దకొడుకు లేడు, ఆ తాడు పెట్టె మీదే చుట్టి పెట్టారు. చూసినవాళ్ళందరూ చూడనట్టు నటించారు.

మొదటి దింపుడు రాళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఆగిపోవాలి. ఆడవాళ్ళు సమాధిదాకా వెళ్ళకపోవడం ఈ లోయ ఆచారం. దొలీనా, మిగతావాళ్ళూ ఆగి, పెట్టె మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగారు. ఎఫీ తిరగలేదు.

“ఎఫీ, ఆచారం,” అన్నాడు పాస్టరు.

“పెద్దకొడుకు తాడు పట్టడం కూడా ఆచారమే పాస్టరుగారూ. అది తప్పినప్పుడు మీరేం మాట్లాడలేదు.”

ఆయన బైబిలు చంకలో పెట్టుకుని ముందుకు నడిచాడు.

మంచు వదిలేసి వెళ్ళిన రాళ్ళ దిబ్బల మధ్యగా, బురదలో మడమలు దిగబడుతూ, మోసేవాళ్ళు మారుతూ నడిచారు. ఊరివాళ్ళు సగం, గ్లాస్గోవాళ్ళు సగం. ఎఫీ కోటు కింద ఇనపకత్తెర నడుముకి గుచ్చుకుంటోంది. ఆ నొప్పి ఆమెకి హాయిగానే ఉంది. గేటు కోసం, గేటు వెనక నిలబడ్డ తమ్ముడి కోసం మాటలు కూడబెట్టుకుంటూ నడిచింది. ఒక్కొక్క మాటా కొడవలిలా నూరుకుంది.

చిన్నప్పుడు ఇదే దారిలో నాన్న వెనక నడిచిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు గొంతు దగ్గర తీగ కంచె లేదు, రాతిగోడా, అందులో చెక్కగేటూ ఉండేవి. పాత దొర మనిషి ఎవడో వానలో గేటు తెరిచి పట్టుకుని ‘రండి రండి’ అన్నాడు. నాన్న ‘మంచి వాన’ అని పలకరించి, గేటు పక్కనున్న పెద్ద బండ ఎక్కి, కూతుర్ని చెయ్యి పట్టి పైకి లాగి, అవతలికి దూకాడు. తెరిచిన గేటు పక్కనుంచి! ఆమెకి సిగ్గుతో చచ్చినంత పనైంది. మోకాలు కూడా చెక్కుకుపోయింది. ఎందుకు నాన్నా అని ఏడిస్తే, “ఈ బండని ఇక్కడ పెట్టింది మంచు. దీన్ని దాటితే ఎవడికీ దణ్ణం పెట్టక్కర్లేదు,” అన్నాడు. మా నాన్నకి పిచ్చి అని బళ్ళో చెప్పుకుంది అప్పుడు.

గొంతు మలుపు తిరిగారు. ముందు నడుస్తున్నవాళ్ళు ఆగిపోయారు.

గేటు తెరిచి ఉంది.

బార్లా తెరిచి ఉంది. గొలుసు చక్కగా చుట్టి స్తంభానికి తగిలించారు. బురద మీద కాళ్ళు జారకుండా చెక్కపలకలు కూడా పరిచారు. పక్కన హార్ట్‌లీ దొర నల్లకోటులో, టోపీ తీసి, తల వంచుకుని నిలబడ్డాడు. వాన ఆయన బట్టతల మీద పడుతోంది. గేటు రెక్క కదలకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డది ముర్డో.

తండ్రి తలవైపు తాడు పట్టాల్సినవాడు దొర గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఎఫీ నూరుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. తాళం వేసి ఉంటే తెంపొచ్చు. తెరిచిన గేటుని ఏం చేస్తాం?

“పోన్లే, దొర కూడా మనిషే,” అని ఎవరో గొణిగారు. మోసేవాళ్ళ భుజాలు తేలికపడ్డాయి. “శవం వెళ్ళాక ఎవడాపుతాడు? దారి మనదే,” అన్నాడు ఇంకొకడు సంతోషంగా.

దొర రెండడుగులు ముందుకొచ్చాడు.

“మిస్ మెక్రే, మీ నాన్నగారికీ నాకూ పడలేదు. కానీ ఆయనంటే నాకు గౌరవం. ఈ పూట ఈ దారి మీది. నిశ్చింతగా వెళ్ళండి.”

గొంతు నిజంగానే మెత్తగా ఉంది. ‘మీ దయ’ అన్న మాట ఎఫీ నాలుక చివరిదాకా వచ్చింది. నలుగురిలో, వానలో, తండ్రి పెట్టె వెనక నిలబడి ఉన్న మనిషి నోటికి ఆ మాట అలవాటుగానే వస్తుంది. అప్పుడు చట్టు కింద ఏదో మెరిసింది. రెయిన్‌కోటు వేసుకున్న ఒకడు మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా పెట్టి, గేటు మీదకి గురి చూస్తున్నాడు.

చావుకి ఫోటోగ్రాఫరెందుకు?

అర్థమవడానికి ఆమెకి ఒక్క క్షణం పట్టింది. లాక్లన్ మెక్రే, బతుకంతా ఎవర్నీ అడగనివాడు, దొర తెరిచిన గేటులోంచి, దొర దయతో, దొర మనిషి పట్టుకుంటే... కాదు, తన కొడుకే పట్టుకుంటే వెళ్తాడు. టోపీ తీసిన దొర, తల వంచిన ఊరు. వచ్చే నెల జడ్జి ముందు ఆ ఫోటో ఒక్కటి పెడితే చాలు. ‘చూడండి, చచ్చినప్పుడు కూడా అనుమతితోనే వెళ్ళాడు. బతికున్నప్పుడూ అంతే.’ గిల్‌ఫిలన్ వైపు చూసింది. ఎర్రటోపీ చేతిలో పిండుతూ, పాలిపోయిన మొహంతో ఆమెనే చూస్తున్నాడు. కూతురి ముందు ఆ మాట ఎలా అనాలో తెలియక నలిగిపోతున్నాడు.

“ఈ పూట మాదా?” అంది ఎఫీ.

“అవునమ్మా.”

“మరి నిన్నెవరిది? రేపెవరిది?”

దొర చూపు ఒకసారి కెమెరావాడి వైపు వెళ్ళొచ్చింది.

“చచ్చినవాణ్ణి కూడా సాక్షికి తెచ్చుకుంటావటయ్యా? నా తండ్రి పెట్టెలో పడుకుని నోరు మూసుకున్నాడని, ఆయన చేత దణ్ణం పెట్టిస్తావా?” ఆమె గొంతు రాతిచట్టుకి తగిలి తిరిగొచ్చింది. “పెట్టె దించండి!”

దించారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

“ముర్డో! గేటు వెయ్.”

“అక్కా...”

“వెయ్యమన్నాను. గొలుసు చుట్టి తాళం కూడా వెయ్. నాన్న బండ మీంచి వెళ్తాడు, ఎప్పుడూ వెళ్ళినట్టే.”

పాస్టరు నుదురు పట్టుకున్నాడు. “ఎఫీ, నీ పంతం కోసం శవాన్ని బండలెక్కిస్తావా? వానకి జారుతోంది. కింద పడితే?”

“పడితే ఎత్తుకుంటాం. గేటులోంచి వెళ్తే మాత్రం మళ్ళీ ఎత్తుకోలేం.”

గిల్‌ఫిలన్ కోటు విప్పి రాళ్ళ మీద పారేశాడు. మాట లేకుండా వెళ్ళి బండ మీదకి పాకి, పైన మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచాడు. గ్లాస్గోవాళ్ళు ఇద్దరు ఎక్కి, తీగకంచె బండని తాకేచోట అవతలికి దిగారు. ఊరివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ‘తెరిచిన గేటు పక్కన ఈ పాట్లేమిటి’ అని వాళ్ళ కళ్ళలో కనిపిస్తూనే ఉంది.

“గేటు తెరిచే ఉంచు ముర్డో,” అన్నాడు దొర. ఆ గొంతులో మెత్తదనం ఇప్పుడు లేదు. “వాళ్ళకి ఇష్టం లేకపోతే అది వాళ్ళ ఖర్మ. గేటు తెరిచే ఉంది, ఆ సంగతి కెమెరాలో పడుతుంది.”

ముర్డో గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మింగలేక కక్కలేక, అక్కనీ దొరనీ కాకుండా నేల మీదున్న పెట్టెనే చూశాడు. పెట్టె మూత మీద తలవైపు తాడు, ఎవరూ విప్పనిది, వానకి తడిసి ఉంది.

“ఏరా, ఆయన్ని ఒకసారి ఆపావు,” అంది ఎఫీ. “ఇవాళ దారిచ్చి చంపుతావా?”

ముర్డో గేటు రెక్కని తోశాడు. ఇనుము కీచుమని మూలిగింది. గొలుసు విప్పి, రెండు చుట్లు చుట్టి, తాళం నొక్కాడు. తాళంచెవి తెచ్చి దొర చేతిలో పెట్టాడు.

“ఇదిగోండి దొరగారూ. ఇల్లు శనివారానికి ఖాళీ చేస్తాం.”

“నువ్వేం చేస్తున్నావో ఆలోచించుకో ముర్డో.”

“రెండేళ్ళుగా ఆలోచించకుండా ఉన్నానండీ. అదే ఎక్కువ కష్టమైంది.”

వంగి తండ్రి తలవైపు తాడు విప్పి మణికట్టుకి చుట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. ఎనిమిదిమంది కాదు, పదిహేనుమంది పట్టారు. కింద భుజాలు, మధ్యలో చేతులు, పైన గిల్‌ఫిలన్. పెట్టె తల పైకి లేచింది. ఒకచోట జారింది, పాస్టరే బైబిలు కోటు జేబులో కుక్కి కింద వీపు ఆనించాడు. లాక్లన్ మెక్రే బండ కొమ్ముకి చేరాడు. ఊపిరి తీసుకోవడానికి పెట్టెని అక్కడ, బండ మీద, మూసిన గేటుకి పైన ఒక్క నిమిషం ఆపారు.

ఎఫీ కెమెరావాడి వైపు తిరిగింది. వాడు కెమెరా మీద గుడ్డ కప్పబోతున్నాడు.

“ఏమయ్యా, ఇందాకట్నుంచీ నిలబడ్డావు కదా. ఇప్పుడు తియ్యి ఫోటో. తాళం కూడా పడేట్టు తియ్యి.”

వాడు దొర వైపు చూశాడు. దొర టోపీ పెట్టుకుని అప్పటికే బంగళా వైపు నడుస్తున్నాడు. వాడు తియ్యలేదు. గ్లాస్గో అమ్మాయి ఒకతె మెడలో వేలాడుతున్న చిన్న కెమెరా ఎత్తి తీసింది.

అవతల పెట్టె దించిన చోట అంతకుముందెప్పుడూ దింపుడు రాళ్ళు లేవు. గేటు పక్కనే కదా, ఇక్కడ ఆగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఎఫీ బండ దిగుతుంటే మోకాలు చెక్కుకుపోయింది, చిన్నప్పటి మోకాలే. కోటు కింద నుంచి ఇనపకత్తెర తీసి గడ్డిలో పారేసింది. ముర్డో ఒక రాయి తెచ్చి నేల మీద పెట్టాడు.

“శనివారం సామానంతా మా కొట్టంలో దింపు,” అంది ఎఫీ. కోపం ఇంకా పోలేదు. పోదు కూడా, ఇంత తొందరగా. “నువ్వూ అక్కడే, పొట్టేలు పక్కన పడుకుందువుగాని. నీ పెళ్ళాం పిల్లలు మాత్రం ఇంట్లో ఉంటారు.”

“సరే అక్కా,” అన్నాడు ముర్డో.

ఆమె అతని రాయి మీద తన రాయి పెట్టింది. విస్కీ సీసా చేతులు మారింది. కనుమ వైపు వాన ఇంకా కురుస్తూనే ఉంది. ముర్డో తాడు సరిచేసుకుని ‘ఎత్తండి’ అన్నాడు, ఎత్తారు.